జావా జనరిక్ మెథడులలో టైపు దోషాలు

జావా ప్రోగ్రామింగు భాషలో ఒకే మెథడును అనేక టైపుల విలువలపై పనిచేసేటట్లు వ్రాసే సౌకర్యం కలదు. అటువంటి మెథడును జనరిక్ మెథడు అంటారు. దానిని పిలిచేటప్పుడు ఇచ్చిన విలువల టైపులకు, మెథడు ప్రకటనలో కోరిన టైపులకు పొంతన కుదరకపోతే కంపైలరు ప్రోగ్రామును అంగీకరించక దోషాన్ని చూపిస్తుంది. దీనిని కంపైల్ సమయపు టైపు దోషం అంటారు. ప్రోగ్రాము నడవక ముందే, దాని పాఠాన్ని మాత్రమే పరిశీలించి కంపైలరు ఈ నిర్ణయానికి వస్తుంది.

ఈ దోషాలలో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే. రెండు టైపుల మధ్య ఏదో ఒక సంబంధం ఉన్నదని ప్రోగ్రాము వ్రాసినవారు మనసులో భావిస్తారు, కాని ఆ సంబంధం మెథడు ప్రకటనలో వ్రాసి ఉండదు, లేదా అసలు ఉండదు. సంబంధం నిజమైనదైతే దానిని ప్రకటనలో వ్రాయడమే సరియైన పరిష్కారం. అది నిజం కానప్పుడు కంపైలరు ఒక ప్రమాదాన్ని ముందుగా తెలియజేసినట్లే. అటువంటి సందర్భంలో దోషాన్ని బలవంతంగా కప్పిపుచ్చితే అది ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు మరొక చోట బయటపడుతుంది.

ఈ వ్యాసంలో ప్రోగ్రాము పంక్తులను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. కంప్యూటరులో జావా భాషకు చెందిన పదాలను రోమన్ లిపిలోనే వ్రాయవలెను.

చరిత్ర

జావా మొదటి రూపం 1996లో విడుదలయింది. జాబితాలు, సమితులు, పట్టికలు మొదలైన వాటికి అవసరమయిన కలెక్షన్స్ అనే క్లాసుల సముదాయం 1998లో వచ్చిన 1.2 రూపంలో చేరింది. ఆ కాలంలో జాబితాలో వేసిన ప్రతి విలువా ఆబ్జెక్ట్ అనే సర్వసాధారణ టైపుగానే నిలువ ఉండేది. దానిని బయటకు తీసేటప్పుడు అది స్ట్రింగ్ అనో, ఇంటీజర్ అనో ప్రోగ్రామరే చెప్పవలసి వచ్చేది. ఇలా చెప్పడాన్ని కాస్ట్ చేయడం అంటారు. చెప్పినది తప్పయితే కంపైలరుకు తెలిసే మార్గం లేదు. ప్రోగ్రాము నడుస్తూ క్లాస్‌కాస్ట్ఎక్సెప్షన్ అనే దోషంతో ఆగిపోయేది.

ఈ లోపాన్ని తొలగించడానికి మార్టిన్ ఒడెర్‌స్కీ, ఫిలిప్ వాడ్లర్ కలసి పిజ్జా అనే భాషను రూపొందించారు. తరువాత గిలాద్ బ్రాచా, డేవిడ్ స్టౌటమైర్ కూడా వారితో చేరగా 1998లో జిజె అనే రూపకల్పన వెలువడింది. దాని ఆధారంగా తయారయిన జనరిక్స్ సౌకర్యం 2004 సెప్టెంబరులో విడుదలయిన జె2ఎస్ఈ 5.0లో చేరింది. ఇందులోని వైల్డ్‌కార్డు అనే అంశం డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఇంజనీర్ల కృషి ఫలితం.

అప్పటికే ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పాత ప్రోగ్రాములు చెడకుండా ఉండవలెనన్నది ఈ రూపకల్పనలో ముఖ్యమైన నియమం. అందువలన టైపుల వివరాలను కంపైలరు తనిఖీకి వాడుకొని, తయారయిన బైట్‌కోడ్ సూచనల నుండి వాటిని తొలగిస్తుంది. దీనిని ఎరేజర్, అనగా టైపు చెరిపివేత అంటారు. కొన్ని దోషాలకు ఈ చెరిపివేతే కారణం.

జనరిక్ మెథడు నిర్మాణం

జాబితాలోని మొదటి అంశాన్ని తిరిగి ఇచ్చే మెథడు ప్రకటన ఈ విధంగా ఉంటుంది.

స్టాటిక్ <టి> టి మొదటిది(లిస్ట్<టి> జాబితా)

ఇందులో మొదట కోణపు గుర్తుల మధ్య ఉన్న "టి"ని టైపు పరామితి అంటారు. ఇది బీజగణితంలోని చలరాశి వంటిది, కాని దీని విలువ సంఖ్య కాదు, ఒక టైపు. పేర్ల జాబితాను, అనగా లిస్ట్<స్ట్రింగ్> టైపు గల విలువను ఇచ్చి ఈ మెథడును పిలిస్తే కంపైలరు టి = స్ట్రింగ్ అని తనంతట తాను గ్రహిస్తుంది. ఈ ప్రక్రియకు టైపు అనుమితి అని పేరు.

అనుమితిలో కంపైలరు మూడు విధాల నియమాలను సేకరిస్తుంది.

* సమానత: టి సరిగ్గా ఫలానా టైపే కావలెను. లిస్ట్<టి> అని కోరిన చోట లిస్ట్<ఇంటీజర్> ఇస్తే టి = ఇంటీజర్ అనే నియమం ఏర్పడుతుంది.
* కింది హద్దు: ఫలానా టైపు టిలో ఇమడవలెను. ఉత్త టి అని కోరిన చోట ఒక ఇంటీజర్‌ను ఇస్తే టి ఇంటీజర్ కావచ్చు, లేదా దానికి పై వర్గమయిన నంబర్ కావచ్చు, ఆబ్జెక్ట్ కూడా కావచ్చు.
* పై హద్దు: టి ఫలానా వర్గానికి చెందినదే కావలెను. <టి ఎక్స్‌టెండ్స్ నంబర్> అనే ప్రకటన ఇటువంటిది.

ఈ నియమాలన్నింటినీ తృప్తిపరచే టైపు దొరికితే ప్రోగ్రాము కంపైల్ అవుతుంది, దొరకకపోతే దోషం వస్తుంది. ఒకే టి పేరుతో రెండు విలువలను కోరే మెథడుకు ఒక స్ట్రింగ్‌ను, ఒక ఇంటీజర్‌ను ఇస్తే దోషం వస్తుందని చాలామంది అనుకుంటారు. కాని అక్కడ ఉన్నవి కింది హద్దులు మాత్రమే. రెండింటికీ ఉమ్మడి పై వర్గం ఉన్నది కనుక దోషం రాదు.

దోష సందేశాన్ని చదివే విధానం

జావాసి కంపైలరు ఇచ్చే సందేశంలో సాధారణంగా నాలుగు వివరాలు ఉంటాయి: ఫైలు పేరు, పంక్తి సంఖ్య, దోషపు స్వభావం, దానికి కారణమయిన టైపులు. "ఇన్‌కంపాటిబుల్ టైప్స్" అని ఉంటే ఒక టైపు విలువను మరొక టైపుకు ఇవ్వడం కుదరలేదని అర్థం. "ఇన్‌ఫరెన్స్ వేరియబుల్ టి" అని ఉంటే టైపు అనుమితి విఫలమయిందని అర్థం. ఆ వాక్యం కింద "ఈక్వాలిటీ కన్‌స్ట్రెయింట్స్", "లోయర్ బౌండ్స్" అనే శీర్షికలతో వచ్చే టైపులే పైన చెప్పిన సమానతలు, కింది హద్దులు. వాటిని విడివిడిగా కాగితం మీద వ్రాసుకొని, ఒక్కొక్క నియమం ఏ విలువ వలన వచ్చిందో గుర్తిస్తే దోషానికి మూలం తెలుస్తుంది. సందేశంలో పేర్కొన్న పంక్తి మెథడును పిలిచిన చోటు మాత్రమే. సరిదిద్దవలసినది తరచుగా మెథడు ప్రకటనలో ఉంటుంది.

సాధారణ దోషాలు, పరిష్కారాలు

జాబితాల మధ్య లేని సంబంధం

ఇంటీజర్ అనేది నంబర్ వర్గానికి చెందినది. అయినా లిస్ట్<ఇంటీజర్> అనేది లిస్ట్<నంబర్> వర్గానికి చెందదు. మొదటిసారి వినేవారికి ఇది వింతగా తోస్తుంది. మామిడిపండ్లు మాత్రమే ఉండవలసిన బుట్టను "ఇది పండ్ల బుట్ట" అని చెప్పి మరొకరికి అప్పగిస్తే, వారు అందులో జామకాయ వేయడంలో తప్పు లేదు. కాని బుట్ట యజమాని మామిడిపండు అనుకొని చేయి పెడితే జామకాయ వస్తుంది. అలాగే లిస్ట్<ఇంటీజర్>ను లిస్ట్<నంబర్>గా అంగీకరిస్తే అందులో ఎవరైనా దశాంశ సంఖ్యను చేర్చవచ్చు. అందువలననే కంపైలరు దీనిని అనుమతించదు.

జావాలోని వరుసల, అనగా అర్రేల విషయంలో ఈ జాగ్రత్త లేదు. ఇంటీజర్ల అర్రేను నంబర్ల అర్రేగా వాడటానికి కంపైలరు ఒప్పుకుంటుంది. అందులో దశాంశ సంఖ్యను వేసినప్పుడు మాత్రం ప్రోగ్రాము అర్రేస్టోర్ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది.

ఒక జాబితాలోని అంశాలను మరొక జాబితాలోకి చేర్చే మెథడును ఉదాహరణగా తీసుకొనవచ్చును.

స్టాటిక్ <టి> వాయిడ్ చేర్చు(లిస్ట్<టి> మూలం, లిస్ట్<టి> గమ్యం)

దీనికి మూలంగా లిస్ట్<ఇంటీజర్>ను, గమ్యంగా లిస్ట్<నంబర్>ను ఇస్తే టి = ఇంటీజర్, టి = నంబర్ అనే రెండు సమానతలు ఏర్పడతాయి. రెండూ ఒకేసారి నిజం కావు కనుక దోషం వస్తుంది. కాని పూర్ణాంకాలను సంఖ్యల జాబితాలో చేర్చడంలో ప్రమాదమేమీ లేదు. అనగా ఇక్కడ సంబంధం నిజమైనదే, ప్రకటనే మితిమీరి కఠినంగా ఉన్నది. దీనిని వైల్డ్‌కార్డుతో సడలించవచ్చు.

స్టాటిక్ <టి> వాయిడ్ చేర్చు(లిస్ట్<? ఎక్స్‌టెండ్స్ టి> మూలం, లిస్ట్<? సూపర్ టి> గమ్యం)

మూలంలోని అంశాలు టి గాని, దాని ఉపవర్గం గాని అయితే చాలు. గమ్యం టి విలువలను పట్టగలిగినదయితే చాలు. జావాతో పాటు వచ్చే కలెక్షన్స్ క్లాసులోని కాపీ మెథడు ప్రకటన కూడా ఇదే పద్ధతిలో ఉన్నది. విలువలను ఇచ్చే వైపు ఎక్స్‌టెండ్స్, విలువలను పుచ్చుకొనే వైపు సూపర్ వాడవలెనన్న ఈ సూత్రాన్ని జాషువా బ్లాక్ రచించిన ఎఫెక్టివ్ జావా రెండవ కూర్పు పెక్స్ అనే సంక్షిప్త నామంతో ప్రచారంలోకి తెచ్చింది. ఒకే జాబితా నుండి విలువలను తీయడం, అందులోనే వేయడం రెండూ జరిగితే వైల్డ్‌కార్డు పనికిరాదు. అక్కడ లిస్ట్<టి> అని కచ్చితంగా వ్రాయవలసిందే.

హద్దు కుదరకపోవడం

కలెక్షన్స్ క్లాసులోని సార్ట్ మెథడు జాబితాను క్రమంలో అమర్చుతుంది. విద్యార్థి అనే క్లాసును వ్రాసి, విద్యార్థుల జాబితాను ఈ మెథడుకు ఇస్తే చాలామందికి దోషం ఎదురవుతుంది. విద్యార్థులను ఏ ప్రాతిపదికన పోల్చవలెనో, పేరును బట్టియా, మార్కులను బట్టియా అన్నది కంపైలరుకు తెలియదు. పోల్చదగినవి అని చెప్పే కంపారబుల్ అనే ఇంటర్‌ఫేసును ఆ క్లాసు అమలు చేయలేదని ఈ దోషానికి అర్థం. దీనికి రెండు పరిష్కారాలు కలవు. సహజమైన క్రమం ఒక్కటే ఉన్నదనుకుంటే క్లాసులోనే కంపారబుల్<విద్యార్థి>ని అమలు చేయవలెను. అనేక క్రమాలు అవసరమయితే పోల్చే పద్ధతిని కంపారేటర్ రూపంలో సార్ట్ మెథడుకు రెండవ విలువగా ఇవ్వవలెను.

సొంతంగా మెథడు వ్రాసేటప్పుడు హద్దును <టి ఎక్స్‌టెండ్స్ కంపారబుల్<టి>> అని ఇవ్వడం వాడుక. ఇది చాలా సందర్భాలలో సరిపోతుంది. కాని డేటాబేసులలో వాడే టైమ్‌స్టాంప్ క్లాసు విషయంలో సరిపోదు. ఈ క్లాసు డేట్ క్లాసు నుండి పుట్టినది. పోలిక సామర్థ్యం దానికి వారసత్వంగా కంపారబుల్<డేట్> రూపంలో లభిస్తుంది గాని కంపారబుల్<టైమ్‌స్టాంప్> రూపంలో కాదు. అందువలన హద్దును <టి ఎక్స్‌టెండ్స్ కంపారబుల్<? సూపర్ టి>> అని వ్రాయడం మేలు. తన పై వర్గంతో పోల్చదగిన ప్రతి టైపునూ ఇది అంగీకరిస్తుంది.

కలెక్షన్స్ క్లాసులోని మాక్స్ మెథడు హద్దు మొదట "ఆబ్జెక్ట్ &" అని ఉండటం చూసేవారికి అనవసరంగా తోస్తుంది. చెరిపివేత తరువాత టి స్థానంలో హద్దులలో మొదటిది నిలుస్తుంది. పాత రూపంలో మాక్స్ మెథడు ఆబ్జెక్ట్‌ను తిరిగి ఇచ్చేది. అప్పటి ప్రోగ్రాములు మళ్ళీ కంపైల్ చేయకుండానే నడవడానికి ఆ పదం అక్కడ ఉంచారు.

పట్టుబడిన వైల్డ్‌కార్డు

లిస్ట్<?> అనగా "ఏదో ఒక టైపు జాబితా, అది ఏదో తెలియదు" అని అర్థం. అటువంటి జాబితాలోని రెండు అంశాలను తారుమారు చేసే మెథడు వ్రాయబోతే, జాబితా నుండి తీసిన అంశాన్ని అదే జాబితాలో తిరిగి పెట్టడానికి కూడా కంపైలరు ఒప్పుకోదు. సందేశంలో "క్యాప్చర్" అనే పదం కనబడుతుంది. తీసిన అంశం ఆబ్జెక్ట్‌గా మాత్రమే తెలుసును, జాబితా కోరేది పేరు లేని ఒక టైపును. ఆ రెండూ ఒకటేనని చెప్పడానికి పేరు కావలెను. అందుకు మరొక సహాయక మెథడును <ఇ> అనే పరామితితో, లిస్ట్<ఇ> కోరేటట్లు వ్రాసి, మొదటి మెథడు నుండి దానిని పిలవవలెను. అక్కడ తీసిన అంశం టైపు, పెట్టవలసిన అంశం టైపు రెండూ ఇ అవుతాయి కనుక దోషం తొలగుతుంది.

అనుమితి చాలకపోవడం

జావా 7 వరకు కంపైలరు మొదట మెథడుకు ఇచ్చిన విలువలను బట్టే టిని నిర్ణయించేది. అందువలన 1, 2 అనే విలువలతో అర్రేస్ క్లాసులోని ఆజ్‌లిస్ట్ మెథడును పిలిచి, ఫలితాన్ని లిస్ట్<నంబర్> చలరాశికి ఇస్తే దోషం వచ్చేది. దానిని తొలగించడానికి టైపును స్పష్టంగా పేర్కొనవలసి ఉండేది.

అర్రేస్.<నంబర్>ఆజ్‌లిస్ట్(1, 2)

2014లో విడుదలయిన జావా 8 నుండి ఫలితం ఏ టైపు చలరాశికి చేరుతున్నదో కూడా కంపైలరు లెక్కలోకి తీసుకొంటుంది. ఒక మెథడు పిలుపును మరొక మెథడుకు విలువగా ఇచ్చినప్పుడు కూడా ఈ సౌకర్యం వర్తిస్తుంది. అయినా వరుసగా చుక్కలతో అనేక మెథడులను పిలిచే చోట మొదటి పిలుపుకు తుది ఫలితపు టైపు తెలియదు. అటువంటి చోట పై విధంగా టైపు పేర్కొనడం, లేదా మధ్య ఫలితాన్ని టైపుతో కూడిన చలరాశిలో ఉంచడం నేటికీ అవసరమవుతుంది.

ప్రాథమిక టైపులు

ఇంట్, డబుల్ మొదలైన ప్రాథమిక టైపులు టి స్థానంలో నిలువలేవు. ఇంట్‌ల అర్రేను ఆజ్‌లిస్ట్ మెథడుకు ఇస్తే పూర్ణాంకాల జాబితా రాదు. ఆ అర్రే మొత్తం ఒకే అంశంగా గల జాబితా వస్తుంది. దానిని లిస్ట్<ఇంటీజర్>కు ఇవ్వబోయినప్పుడు దోషం తెలుస్తుంది. ఇంట్‌కు బదులు ఇంటీజర్ అర్రేను వాడడం, లేదా జావా 8 నుండి లభిస్తున్న స్ట్రీమ్ ద్వారా ఒక్కొక్క సంఖ్యను ఇంటీజర్‌గా మార్చడం దీనికి పరిష్కారాలు.

చెరిపివేత వలన కలిగే దోషాలు

మెథడు లోపల టి టైపు అంశాల అర్రేను కొత్తగా సృష్టించడానికి వీలు లేదు. నడిచే సమయానికి టి అంటే ఏమిటో మిగిలి ఉండదు కనుక ఏ టైపు అర్రేను సృష్టించవలెనో తెలియదు. అర్రేకు బదులు అర్రేలిస్ట్‌ను వాడితే ఈ ఇబ్బంది ఉండదు. అర్రే తప్పనిసరి అయితే క్లాస్<టి> విలువను అదనంగా తీసుకొని దాని ద్వారా సృష్టించవలెను. అదే విధంగా ఒకే క్లాసులో ఒకే పేరుతో లిస్ట్<స్ట్రింగ్> కోరే మెథడు, లిస్ట్<ఇంటీజర్> కోరే మెథడు రెండూ ఉండటానికి వీలు లేదు. చెరిపివేత తరువాత రెండూ ఉత్త లిస్ట్ కోరే మెథడులే అవుతాయి. ఒకదాని పేరు మార్చడమే సులభమైన మార్గం.

దోషాన్ని కప్పిపుచ్చడం

కోణపు గుర్తులు లేకుండా ఉత్త లిస్ట్ అని వ్రాస్తే దానిని ముడి టైపు అంటారు. పాత ప్రోగ్రాముల కోసం జావా దీనిని ఇప్పటికీ అనుమతిస్తున్నది. పై దోషాలలో చాలావాటిని ముడి టైపుతోనో, కాస్ట్‌తోనో మాయం చేయవచ్చును. అప్పుడు కంపైలరు దోషానికి బదులు "అన్‌చెక్డ్" అనే హెచ్చరికను మాత్రమే ఇస్తుంది.

పేర్ల జాబితాను, అనగా లిస్ట్<స్ట్రింగ్>ను ముడి టైపు చలరాశికి ఇచ్చి, దాని ద్వారా 42 అనే సంఖ్యను చేర్చితే ఆ పంక్తి నిరాటంకంగా నడుస్తుంది. చెరిపివేత వలన జాబితాకు తనలో ఏమి ఉండవలెనో గుర్తు లేదు. తరువాత ఎప్పుడో, మరొకరు వ్రాసిన మెథడులో, ఆ అంశాన్ని స్ట్రింగ్‌గా తీసినప్పుడు కంపైలరు అక్కడ రహస్యంగా ఉంచిన కాస్ట్ విఫలమవుతుంది. ప్రోగ్రాము ఆగిన పంక్తిలో కాస్ట్ కంటికి కనబడదు, ఆ పంక్తిలో తప్పు కూడా లేదు. తప్పు జరిగిన పంక్తి పేరు దోష నివేదికలో ఉండదు. ఈ స్థితిని హీప్ కాలుష్యం అంటారు. కంపైల్ సమయంలో నిమిషాలలో సరిదిద్దగలిగిన దోషం, వినియోగదారుల చేతిలో నడుస్తున్న ప్రోగ్రాములో గంటల తరబడి వెదకవలసిన దోషంగా మారుతుంది. ఉత్త (టి) అనే కాస్ట్ కూడా ఇటువంటిదే. టికి హద్దు ఏదీ లేనప్పుడు నడిచే సమయంలో అది దేనినీ తనిఖీ చేయదు.

పాత ప్రోగ్రాములతో కలసి పనిచేయవలసి వచ్చి హెచ్చరిక తప్పనప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకొనవలెను.

* కంపైల్ చేసేటప్పుడు ఎక్స్‌లింట్ ఎంపికలో అన్‌చెక్డ్ అని కోరితే ప్రతి హెచ్చరికా పంక్తి సంఖ్యతో సహా కనబడుతుంది.
* హెచ్చరికను అణచే సప్రెస్‌వార్నింగ్స్ గుర్తును క్లాసు మొత్తానికి కాక, ఒక్క చలరాశికి లేదా ఒక్క చిన్న మెథడుకు మాత్రమే ఇవ్వవలెను. అది ఎందుకు ప్రమాదరహితమో పక్కన వ్యాఖ్యగా వ్రాయవలెను.
* కలెక్షన్స్ క్లాసులోని చెక్డ్‌లిస్ట్ మెథడుతో జాబితాకు కాపలా పెట్టవచ్చు. తప్పు టైపు విలువ చేరిన క్షణంలోనే ఇది ప్రోగ్రామును ఆపుతుంది కనుక తప్పు జరిగిన పంక్తి తెలుస్తుంది.

ఇతర భాషలలో

2005లో విడుదలయిన సి షార్ప్ 2.0లో జనరిక్స్ ఉన్నాయి. అందులో టైపుల వివరాలు నడిచే సమయంలో కూడా నిలిచి ఉంటాయి కనుక టి అర్రేను సృష్టించడం సాధ్యమవుతుంది. కోట్లిన్ భాషలో ఇన్, ఔట్ అనే పదాలను క్లాసు ప్రకటనలోనే ఒకసారి వ్రాయవచ్చు. ప్రతి మెథడులో వైల్డ్‌కార్డు వ్రాయవలసిన అవసరం దీనివలన తగ్గుతుంది. సి++ భాషలోని టెంప్లేటులను ప్రతి టైపుకు విడిగా విస్తరించి తనిఖీ చేస్తారు. దోష సందేశాలు చాలా పొడవుగా వచ్చే ఇబ్బందిని తగ్గించడానికి సి++20లో కాన్సెప్టులు చేర్చబడ్డాయి. గో భాషలో జనరిక్స్ 2022లో 1.18 రూపంతో ప్రవేశించాయి.

పరిమితులు

కంపైలరు తనిఖీ సంపూర్ణమైనదని చెప్పలేము. కాస్ట్ గాని, ముడి టైపు గాని లేకుండానే నల్ విలువ సహాయంతో జావా టైపు వ్యవస్థను తప్పుదారి పట్టించవచ్చునని 2016లో నాదా అమిన్, రాస్ టేట్ నిరూపించారు. జావా జనరిక్స్‌లో ఒక టైపు మరొకదానికి ఉపవర్గమా అనే ప్రశ్నకు అన్ని సందర్భాలలోనూ జవాబు చెప్పగల పద్ధతి ఉండదని 2017లో రాడు గ్రిగోర్ చూపించారు. ఇవి ప్రత్యేకంగా కల్పించిన ప్రోగ్రాములలో ఎదురయ్యే విషయాలు. నిత్య వ్యవహారంలోని ప్రోగ్రాములలో టైపు దోషం చాలావరకు నిజమైన పొరపాటునో, అసంపూర్ణమైన ప్రకటననో సూచిస్తుంది. ఆ రెండింటిలో ఏది అన్నది తేల్చుకొన్న తరువాతే ప్రోగ్రామును మార్చవలెను.

ఇవి కూడా చూడండి

* జావా ప్రోగ్రామింగు భాష
* కంపైలరు
* టైపు వ్యవస్థ
* బహురూపత